కళ్లూ ముక్కూ తీసేశాక తలలో మిగిలేదేమిటి? బ్రాంకూసి శిల్పాల గురించి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. శిల్పకళ నేర్చుకుంటున్న మీరు బంకమట్టితో నున్నటి తల ఒకటి చేశారు. కళ్లు లేవు, చెవులు లేవు, ముక్కు ఉండవలసిన చోట ఒక గీత. మీ గురువుగారు దాన్ని చూసి “పని ఎగ్గొట్టావు” అన్నారు. మీకు బాధ కలిగింది. కాన్‌స్టాంటిన్ బ్రాంకూసి అనే శిల్పి చేసిన ‘నిద్రిస్తున్న మ్యూజ్’ (మ్యూజ్ అంటే గ్రీకుల కళాదేవత) ఫొటో చూపించి, “ఆయన చేస్తే గొప్ప శిల్పం, నేను చేస్తే సోమరితనమా? అసలు ఇందులో పనితనం ఎక్కడుంది?” అని అడిగారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా రాతిపనిలో ఉన్నాను. తాళమానం, అంటే మూర్తుల అంగాలకు శాస్త్రం చెప్పే కొలతల లెక్కలతో దేవతామూర్తులు చెక్కడం దగ్గర మొదలై, తరువాత మనిషి రూపాన్ని తక్కువ గీతల్లో పట్టుకోవాలని ఏళ్ల తరబడి తంటాలు పడ్డాను. అందుకే మీ బాధా తెలుసు, మీ గురువుగారి కోపమూ తెలుసు. మీ బొమ్మ ఎలా ఉందో చూడకుండా చెప్పలేను. అయితే తేడా పట్టుకునే దారి ఒకటి ఉంది. ముఖంలో ప్రతి భాగమూ ఏదో ఒక పని చేస్తుంది. ముక్కు, ముఖం ఎటు తిరిగి ఉందో చెబుతుంది. కనుబొమ కింది గుంట నీడను పట్టి ఉంచుతుంది. మెడ, తల బరువు ఎటు వాలిందో చూపిస్తుంది. మీరు ఒక భాగాన్ని తీసేస్తే అది చేసే పని ఎక్కడికీ పోదు, మిగిలినవాటి మీద పడుతుంది. అవి ఆ బరువును మోస్తే శిల్పం నిలబడుతుంది. మోయలేకపోతే అది మధ్యలో ఆపేసిన తలగానే ఉండిపోతుంది. బ్రాంకూసి జీవితంలో చాలా భాగం ఈ బరువును ఒక చోటి నుంచి మరో చోటికి మార్చి చూడడంలోనే గడిచింది.

ముందు ఒక అపోహ తీసివేయాలి. పోలికలు తేవడం చేతకాక ఆయన ఇలా చేశారనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన 1876లో రొమేనియాలోని హోబిత్సా అనే పల్లెలో పుట్టారు. ఇంటి గుమ్మాలు, స్తంభాలు కొయ్యతో చెక్కుకునే ప్రాంతం అది. క్రాయోవా వృత్తివిద్యా పాఠశాలలోనూ, బుఖారెస్ట్ లలితకళల పాఠశాలలోనూ పద్ధతిగా చదివారు. విద్యార్థిగా ఉన్నప్పుడే దిమిత్రీ గెరోతా అనే వైద్యుడి పర్యవేక్షణలో చర్మం ఒలిచిన మనిషి విగ్రహం చేశారు. ఏ కండరం ఎక్కడ మొదలై ఏ ఎముకకు అతుక్కుంటుందో వైద్య విద్యార్థులకు చూపించి పాఠం చెప్పగలిగేంత కచ్చితమైన పని. తరువాతి శిల్పాల్లో ఆయన వదిలేసినవన్నీ ఒకప్పుడు స్వయంగా చేతితో చేసినవే.

పారిస్‌లో ఉండగా మార్గిట్ పోగానీ అనే హంగేరియన్ చిత్రకారిణి తన తల చేయమని ఆయన ఎదుట కూర్చున్నారు. ఆ రోజుల గురించి ఆమె చాలా ఏళ్ల తరువాత ఒక ఉత్తరంలో రాశారు. కూర్చున్న ప్రతిసారీ ఆయన మట్టితో కొత్త తల మొదలుపెట్టి పూర్తిచేసేవారట. ప్రతిదీ అందంగా, అచ్చం తనలాగే ఉండేదట. దీన్ని ఉంచండి అని ఆమె బతిమాలితే నవ్వి, ఆ తలను మళ్లీ మట్టిపెట్టెలో పడేసేవారట. 1912లో పాలరాతిలో చేసిన ‘మదమొయిసెల్ పోగానీ’ ఆమె పారిస్ విడిచి వెళ్లాక జ్ఞాపకం నుంచి చెక్కినది. అందులో తల గుండ్రంగా ఉంటుంది, కళ్లు విశాలంగా ఉంటాయి, నోరు దాదాపు ఉండదు, రెండు చేతులూ కలిసి చెంప దగ్గరికి చేరతాయి. నోరు చెప్పవలసిన మౌనాన్ని ఆ చేతులు చెబుతున్నట్టు నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఆయన అక్కడితో ఆగలేదు. 1919 ప్రాంతంలో మళ్లీ చేశారు, 1931లో మూడోసారి చేశారు. చివరిదానికి వచ్చేసరికి ఆ పెద్ద కళ్లు కూడా కనుబొమల వంపులో కలిసిపోయాయి. జుట్టుముడి మెడ వెనక వరుసగా దిగే వంపులుగా మారింది. దాదాపు ఇరవై ఏళ్లు ఒకే స్త్రీ తల వెంట ఆయన నడిచారు. ఆ పోలికల తలలు ముందుగా మట్టిలో పుట్టి ఉండకపోతే ఈ మూడూ వచ్చేవి కావని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు చెక్కే పద్ధతి గురించి. 1907లో కొద్ది వారాలపాటు ఆయన రోడాన్ దగ్గర పనిచేశారు. ఆ కాలానికి యూరప్ మొత్తంలో అంతకంటే పెద్ద శిల్పి లేరు. అయినా బయటికి వచ్చేశారు. పెద్ద చెట్ల నీడన ఏదీ ఎదగదు అన్న మాట ఆయన పేరు మీద ప్రసిద్ధం. మర్రిచెట్టు కింద మొక్క మొలవదని మనమూ అంటాం. రోడాన్ శిల్పశాలలో మట్టి నమూనా ఆయనది, పాలరాయి చెక్కేది సహాయకులు. కొలతలు తీసే పరికరంతో నమూనా మీది బిందువులను రాతిలోకి దింపుతారు. బ్రాంకూసి ఆ దారి వదిలి నేరుగా రాతిలోకి దిగారు. ఆ మార్పు మొదట కనిపించేది 1907-08 నాటి ‘ముద్దు’లో. ఇద్దరు మనుషులు, ఒకే దిమ్మ. వాళ్లు కౌగిలించుకున్నా రాతి దిమ్మ దిమ్మగానే మిగిలింది. నడుము వంపు లేదు, శరీరాల మధ్య ఖాళీ లేదు. ఇద్దరినీ వేరుచేసేది నిలువుగా దిగిన ఒక గాడి, కలిపి కట్టేది పట్టీల్లాంటి చేతులు. పక్క నుంచి చూస్తే ఇద్దరి కళ్లూ కలిసి ఒకే కన్నుగా కనిపిస్తాయి. ఇదే విషయం మీద రోడాన్ చేసిన శిల్పంలో వీపు కండరాలు, వేళ్ల ఒత్తిడి అన్నీ ఉంటాయి. బ్రాంకూసి శిల్పంలో ఆ ఉద్వేగమంతా ఎవరి మీద పడింది? రాయి మీద. విడదీయలేనిది రాయి, అందుకే వాళ్లూ విడిపోరు.

మీరు ఫొటో పెట్టిన తల దగ్గరికి వస్తాను. నేను అన్నిటికంటే ఎక్కువ కాలం చూసినది ఈ వరుసనే. దాన్ని ఒంటరిగా చూస్తే గుడ్డులా కనిపిస్తుంది. ముందువాటితో, తరువాతవాటితో కలిపి చూడాలి. 1908లో ‘నిద్ర’ అనే పాలరాతి శిల్పం చేశారు, అది బుఖారెస్ట్‌లో ఉంది. అందులో ముఖం సగం గరుకురాతిలో మునిగి ఉంటుంది. అది రోడాన్ పద్ధతే. రాయి దిండులాగా తలను మోస్తుంది. ఏడాది రెండేళ్లలో ఆ గరుకురాయి పోయింది. మెడ కూడా పోయింది. తల ఒక్కటే పక్కకు ఒరిగి పడుకుంది. అదే ‘నిద్రిస్తున్న మ్యూజ్’. దానికి కూర్చున్నవారు రెనే ఫ్రాషోన్ అనే ప్రభుకుటుంబపు స్త్రీ.

ఈ ఒరగడమే నా దృష్టిలో అసలు ఆవిష్కరణ. మెడ లేని తలను నిలబెడితే నరికిన తలలా భయపెడుతుంది. మీరు కావాలంటే చేసి చూడండి. దాన్నే పడుకోబెడితే భయం పోయి నిద్ర వస్తుంది. మెడ చేసే పనిని తల బల్లను తాకే ఆ చిన్న చోటు అందుకుంది. బరువంతా అక్కడికి చేరి, నిద్రలో తల ఎంత బరువుగా ఉంటుందో అంత బరువుగా కనిపిస్తుంది. ఇక కళ్లు. పల్లెలో వేపచెట్టు కింది అమ్మవారి రాయి మీకు తెలుసు. రూపం ఏమీ ఉండదు. పసుపు పూసి, బొట్టు పెట్టి, రెండు వెండి కళ్లు అతికిస్తే ఆ రాయి మన వైపు చూడడం మొదలుపెడుతుంది. ముఖం చేయవలసిన పని మొత్తం ఆ కళ్లు చేస్తాయి, మిగిలినది భక్తి పూరిస్తుంది. బ్రాంకూసికి ఆ రెండు ఆసరాలూ లేవు. కళ్లు మూసి ఉన్నాయి. చూసేవారు మొక్కుకోవడానికి రాలేదు. అందుకే కనురెప్పను చాలా కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంచి, కనుబొమ గీతను ఆపకుండా ముక్కులోకి దింపారు. ఆ ఒక్క గీత ముఖం ఎటు ఉందో, నుదురు ఎక్కడ ముగిసిందో, తల ఎంత వాలిందో మూడూ చెబుతుంది. పెదవులు చిన్నవి. జుట్టు కొన్ని గాడులు మాత్రమే.

దేవతల నిప్పు దొంగిలించి శిక్ష అనుభవించిన గ్రీకు పురాణ పాత్ర పేరు మీద చేసిన 1911 నాటి ‘ప్రొమీథియస్’లో ఆ గీత కూడా పలచబడింది. తల భుజం వైపు ఒరిగినట్టు మెడ మొదలు చిన్నగా మిగిలింది, బాధ అంతా ఆ వాలులోనే ఉంది. 1915 నాటి ‘నవజాత శిశువు’లో గుడ్డు ఆకారాన్ని ఒకవైపు ఏటవాలుగా కోసినట్టు ఒక చదునైన తలం ఉంటుంది. అది ఏడుస్తున్న పసివాడి తెరిచిన నోరు. నోరు ఉన్న తల అని అనలేం, తలంతా నోరే అయింది. బిడ్డ పుట్టిన గదిలో ఒక్క క్షణం ఉన్నవారికి ఎవరికైనా అది ఎంత నిజమో తెలుస్తుంది. 1920 ప్రాంతానికి ‘ప్రపంచారంభం’ వచ్చింది. అందులో గీత లేదు, తలం లేదు, మెరుగు పెట్టిన లోహపు పళ్లెం మీద పాలరాతి గుడ్డు ఒకటి. ముఖమంతా వెళ్లిపోయింది, దాని పని ప్రతిబింబం మీద పడింది. ‘నిద్ర’ నుంచి అక్కడికి చేరడానికి ఆయనకు సుమారు పన్నెండేళ్లు పట్టింది. చివరి గుడ్డును మాత్రమే చూసి నేరుగా గుడ్డు చేసినవారికి ఈ పన్నెండేళ్లూ అందవు. మీ గురువుగారి కోపం బహుశా అక్కడిదే.

ఇది నాకు ఎలా బోధపడిందో చెబుతాను. చెక్కడం మొదలుపెట్టిన పదో ఏట నల్లరాతిలో అలాంటి తల చేశాను. నాలుగు వారాలు అరగదీశాను. అద్దంలా వచ్చింది. నాకు పని నేర్పిన పెద్దాయన దాని మీద చేయి వేసి, కళ్లు మూసుకుని, నెమ్మదిగా తిప్పి చూశారు. “రుబ్బురోలు పొత్రంలా ఉంది నాయనా, ఎటు తిప్పినా ఒకటే” అన్నారు. ఆయన ఎగతాళి చేయలేదు. తన చేతికి తెలిసినది చెప్పారు. పొత్రాన్ని ఎటు తిప్పినా ఒకే వంపు ఉండాలి, లేకపోతే అది రుబ్బదు. తల అలా ఉండదు. కణత దగ్గర వంపు చదునవుతుంది, తల వెనక నిండుగా పెరుగుతుంది, దవడ కిందికి త్వరగా జారుతుంది. కళ్లూ ముక్కూ తీసేసినా ఈ వంపుల తేడా ఉండాలి. నేను ముఖంతో పాటు పుర్రెను కూడా తీసేశాను. బ్రాంకూసి గుడ్డు చివరిదాకా పుర్రెను మరిచిపోలేదు. ఆయన కంచు తలల చుట్టూ నడిస్తే ప్రతి రెండు అడుగులకూ అంచు గీత మారిపోతుంది.

మెరుగు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. కంచు పోత పోసేవారు వేరే అయినా, ఆ తరువాత ఆకురాళ్లతో మొదలుపెట్టి అద్దంలా మెరిసేదాకా రాపిడి పని బ్రాంకూసి తానే చేసేవారు. అందుకే ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు పోతలు కూడా పూర్తిగా ఒకటి కావు. వివరాలు లేని తలలో వెలుతురే వివరం అవుతుంది. మెరుగుపెట్టిన కంచులో గది, కిటికీ, చూసే మనిషి అన్నీ సాగి వంగి కనిపిస్తాయి. మనం కదిలితే ముఖం కదులుతుంది. అదే రూపం పాలరాతిలో వేరు. పాలరాయి వెలుతురును కొంత లోపలికి తీసుకుంటుంది, అంచులు మెత్తబడతాయి, నిద్ర ఇంకా గాఢమవుతుంది. చేతిపని తెలిసినవారికి మరో సంగతి అర్థమవుతుంది. గరుకు ఉపరితలం మీద చిన్న తప్పు దాక్కుంటుంది, మెరిసే వంపు మీద వెంట్రుకంత గుంట కూడా దూరం నుంచి కనిపిస్తుంది. నగలూ మడతలూ ఉన్న మూర్తిలో పొరపాటు కప్పిపుచ్చడానికి నాకు వంద చోట్లు ఉంటాయి. ఇక్కడ ఒక్కటీ ఉండదు.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెకాను చూశారా? పాలరాతిలోనే పలచటి వస్త్రం, దాని కింద ముఖం కనిపిస్తాయి. మొదటి సాలార్‌జంగ్ దాన్ని ఇటలీ నుంచి తెచ్చిన సంవత్సరంగా చెప్పే 1876, బ్రాంకూసి పుట్టిన ఏడాదే. ఆ ముసుగు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. రెబెకాను తక్కువ చేసి బ్రాంకూసిని పొగడవలసిన అవసరం లేదు. అక్కడ శిల్పి రాయిని వస్త్రంగా నమ్మించాడు. ఇక్కడ రాయి రాయిగానే ఉంటూ తల అయింది. రెండూ కష్టమే. కానీ రెబెకా ముందు ‘ఎలా చెక్కాడో’ అనుకుంటాం, మ్యూజ్ ముందు మన గొంతు తగ్గుతుంది, నిద్రపోతున్న మనిషి దగ్గర తగ్గినట్టు.

ఎంతవరకు తీసేయవచ్చు అన్న ప్రశ్నకు ఆయన దగ్గర కూడా ప్రతిసారీ సరైన జవాబు దొరకలేదని నా అభిప్రాయం. 1916 నాటి ‘ప్రిన్సెస్ ఎక్స్’ అద్దంలో చూసుకుంటున్న స్త్రీ రూపం నుంచి తగ్గుతూ వచ్చినది. వంగిన మెడ, గుండ్రటి వక్షం మాత్రమే మిగిలాయి. చూసినవారికి అది పురుషాంగంలా కనిపించింది. 1920లో పారిస్ ప్రదర్శన నుంచి తొలగించారు. అది స్త్రీయేనని ఆయన పట్టుబట్టారు. నాకు అందులో ఆ మెడ వంపు చాలా ఇష్టం. కానీ రూపాన్ని అంతగా తగ్గించాక అది శిల్పి చెప్పిన మాట వినదు, తన దారిన పోతుంది. దానికి పూర్తి వ్యతిరేకం ‘యువకుడి మొండెం’. చెట్టు కాండం చీలే చోటు తీసుకుని తలకిందులుగా నిలిపితే నడుము, రెండు తొడల మొదళ్లు అయ్యాయి. మూడు స్తంభాల వంటి ముక్కలు, అయినా ఒక్క క్షణం కూడా అనుమానం రాదు. అక్కడ కొయ్యలోని చీలికే కీలు పని చేసింది.

పోలిక లేనిది శిల్పమే కాదు అన్న వాదన న్యాయస్థానం దాకా వెళ్లిందని మీరు వినే ఉంటారు. 1926లో ఆయన ‘అంతరిక్షంలో పక్షి’ కంచు శిల్పం న్యూయార్క్ చేరినప్పుడు కస్టమ్స్ అధికారులు దాన్ని కళాఖండంగా ఒప్పుకోక వంటింటి పాత్రలు, ఆసుపత్రి సామగ్రి వర్గంలో వేసి 40 శాతం సుంకం విధించారు. 1928లో తీర్పు బ్రాంకూసి పక్షాన వచ్చింది. మన దేశంతోనూ ఆ పక్షికి బంధం ఉంది. ఇండోర్ మహారాజు యశ్వంతరావు హోల్కర్ ఆ వరుసలో మూడు పక్షులు కొన్నారు, వాటి కోసం ఒక ధ్యానమందిరం కట్టించాలనుకున్నారు. 1937-38 చలికాలంలో బ్రాంకూసి ఆ పని మీద ఇండోర్ వచ్చారు. మందిరం మాత్రం లేవలేదు. నల్లదీ తెల్లదీ అయిన రెండు పాలరాతి పక్షులు ఇప్పుడు ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఉన్నాయి. ఆ మందిరం కట్టి ఉంటే మన శిల్పుల రెండు తరాలు దాని చుట్టూ తిరిగి నేర్చుకునేవి. తలచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

ఇక మీరు చేయవలసినది. మీకు బాగా తెలిసిన మనిషి తలను మట్టిలో పూర్తి పోలికలతో చేయండి. అమ్మమ్మగారిదో, తమ్ముడిదో అయితే మేలు, కళ్లు మూసుకున్నా ఆ తల మీకు గుర్తుండాలి. తరువాత అదే కొలతలో రెండోది చేయండి, అందులో ఒక్కటే తీసేయండి. చెవులు తీశారనుకోండి. తల వెడల్పు తెలియక ముఖం బల్లపరుపుగా అనిపిస్తుంది. ఆ లోటును కణత, దవడ కలిసే వంపుతో పూరించడానికి ప్రయత్నించండి. అది కుదిరేదాకా ముక్కు జోలికి పోకండి. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, ఒక్క బల్బును పక్కన ఉంచి తలను నెమ్మదిగా తిప్పండి. నీడ అంచు ఎక్కడైనా తటపటాయిస్తే అక్కడ మీకే నిర్ణయం తెలియలేదని అర్థం. చేతితో కూడా చూడండి, మా పెద్దాయన చూసినట్టు కళ్లు మూసుకుని. ముందు ఏదో, వెనక ఏదో చేతికి తెలియాలి.

ఇలా మూడో తలకు వచ్చేసరికి బహుశా మీరు మొదట చేసినదానికి దగ్గరగానే ఉంటుంది, కానీ దాన్ని మీ గురువుగారి ముందు పెట్టినప్పుడు ఏ వంపు ఎందుకు ఉందో మీరు చెప్పగలుగుతారు. బ్రాంకూసి పోలికల తలలను తిరిగి మట్టిపెట్టెలో పడేశారు కదా అని మీరు అలా చేయకండి. మొదటి తల మీద తడిగుడ్డ కప్పి బల్ల మీదే ఉంచుకోండి. మూడోదానిలో ఎక్కడో తెలియక ఆగిపోయినప్పుడు ఆ గుడ్డ తీసి చూడవలసి వస్తుంది.